ఊరి తాగునీటి బోరు ఎండిపోకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, శ్రీ సత్యసాయి, కడప, అన్నమయ్య, కర్నూలు, ప్రకాశం జిల్లాల్లోనూ, ఇవతల పాలమూరు, నల్లగొండ వైపూ ఊళ్లో నీళ్ల మీటింగు పెడితే అటూ ఇటూగా ఇవే ప్రశ్నలు వస్తాయి. అడిగేది సర్పంచులు, వార్డు మెంబర్లు, పంపు ఆపరేటర్లు, కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి నిలబడే ఆడవాళ్లు. ఇక్కడి జవాబులన్నీ గట్టిరాతి నేలకు సంబంధించినవి, అంటే అడుగున గ్రానైటు, నీస్ రాయి ఉన్న ఊళ్లకు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇసుక, ఒండ్రు పొరల నేల లెక్క వేరు. అక్కడికి ఇవి పనికిరావు.

మా ఊరికి ఏడాది పొడవునా తాగునీళ్లు కావాలంటే ఎన్ని నీళ్లుండాలి?

చాలామంది అనుకునేదానికన్నా చాలా తక్కువ. ఈ ఒక్క లెక్క ఊరంతటికీ తెలిస్తే సగం గొడవలు తగ్గుతాయని నా నమ్మకం.

రెండు వేల జనాభా ఉన్న ఊరిని తీసుకుందాం. జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలి. అంటే ఊరికి రోజుకు లక్షా పది వేల లీటర్లు. ఏడాదికి చూస్తే సుమారు నాలుగు కోట్ల లీటర్లు. వినడానికి పెద్ద అంకే. ఇప్పుడు దాని పక్కన ఒక ఎకరం యాసంగి వరిని పెట్టి చూడండి. నాటింది మొదలు కోత దాకా ఆ మడిలో 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టారనుకుంటే, ఎకరానికి దాదాపు 48 లక్షల లీటర్లు పడతాయి. అంటే రెండు వేల మంది ఏడాదంతా తాగి, వండుకుని, స్నానం చేసి, బట్టలుతుక్కునే నీళ్లు ఎనిమిది ఎకరాల వరి పెట్టు. ఊళ్లో ఐదు వందల పశువులుండి, ఒక్కోదానికి రోజుకు యాభై లీటర్లు లెక్కేసినా ఇంకో రెండు ఎకరాల నీళ్లు కలుస్తాయి. మొత్తం పది ఎకరాలు.

వాన వైపు నుంచి చూసినా ఇంతే. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇలాంటి నేలలో అందులో సుమారు పదోవంతు భూమిలోకి ఇంకుతుందని అంచనా. ఆ లెక్కన ఒక్క చదరపు కిలోమీటరు నేలలో ఏటా ఐదున్నర కోట్ల లీటర్లు ఇంకుతాయి. ఊరి తాగునీటికి కావలసింది నాలుగు కోట్లు. ఊరి పొలిమేరలో పది చదరపు కిలోమీటర్ల నేల ఉందంటే, అందులో ఒక చదరపు కిలోమీటరు వాటా చాలు.

అంత తక్కువే అయితే మార్చి వచ్చేసరికి బోరు ఎందుకు ఎండిపోతోంది?

రాతి తీరు అలాంటిది. మన నేలలో పైన కొన్ని మీటర్ల మట్టి, దాని కింద ఇరవై ముప్ఫై మీటర్ల దాకా కుళ్లిన రాయి (ఎండావానలకు మెత్తబడి పొడిబారిన రాయి), ఆ కింద పగుళ్లున్న గట్టిరాయి ఉంటాయి. నీళ్లు నిలవుండేది ప్రధానంగా ఆ కుళ్లిన రాతిలోనే. పగుళ్లు నీళ్లను మోసుకొచ్చే కాలువలే తప్ప దాచుకునే గాదెలు కావు. ఆ కుళ్లిన రాతిలోనైనా నీరిచ్చే ఖాళీ నూటికి ఒకటి నుంచి మూడు వంతులే. అందుకే వానాకాలంలో 55 మిల్లీమీటర్లు ఇంకితే, ఖాళీ రెండు శాతం ఉన్న చోట నీటిమట్టం రెండున్నర మీటర్లకు పైగా ఎగబాకుతుంది. దిగడం కూడా అంత వేగంగానే దిగుతుంది. చిన్న గిన్నె గబుక్కున నిండుతుంది, గబుక్కున ఖాళీ అవుతుంది.

ఆ చిన్న గిన్నెలో ఎన్ని గొట్టాలు పెట్టారన్నది అసలు ప్రశ్న. పంచాయతీ బోరు చుట్టూ ఇరవై వ్యవసాయ బోర్లుండి, సంక్రాంతి దాటాక అన్నీ వరి మడికి పారుతుంటే, మార్చి నాటికి కుళ్లిన రాతిలో నీళ్లు అయిపోతాయి. ఆ తర్వాత పగుళ్లకు నీళ్లిచ్చేది ఏదీ మిగలదు. రైతుకు బోరు పోతే పంట పోతుంది, అప్పు మిగులుతుంది. పంచాయతీ బోరు పోతే ఊరంతా ట్యాంకరు కోసం ఎదురుచూస్తుంది. ఇద్దరినీ ముంచింది ఒకే గిన్నె.

అయితే బోరు ఇంకా లోతు వేయిస్తే సరిపోతుంది కదా?

లోతుకు పోతే నీళ్లు పెరుగుతాయన్నది గట్టిరాతి నేలలో నిజం కాదు. లోతు పెరిగేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, ఉన్నవి బిగుసుకుని ఉంటాయి. వెయ్యి అడుగుల దగ్గర ‘గ్యాప్’, అంటే రాతిలో పెద్ద పగులు, తగిలి నీళ్లు ఎగజిమ్మిన బోర్లు లేవని కాదు. కానీ అక్కడి నీళ్లు ఎన్నో ఏళ్లుగా చేరుకున్న పాత నిల్వ. ఏటా పడే వానతో అంత తొందరగా నిండవు. మొదటి ఏడాది రెండించులు పోసి రెండో ఏడాదికి దుమ్ము లేపిన బోర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఇంకో రెండు కష్టాలున్నాయి. రాతితో ఎక్కువకాలం అంటుకుని ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండే ప్రమాదం ఉంది. కరెంటు ఖర్చూ పెరుగుతుంది. ముప్ఫై మీటర్ల నుంచి రోజుకు లక్షా పది వేల లీటర్లు తోడితే మామూలు పంపుసెట్టుకు సుమారు 22 యూనిట్లు కాలుతాయి. అవే నీళ్లు వంద మీటర్ల నుంచి తోడితే 75 యూనిట్లు. పంచాయతీ కరెంటు బకాయి ఎలా పేరుకుపోతుందో ఆ తేడాలోనే కనిపిస్తుంది.

బోరు వేసే చోటు, అంటే పాయింట్, ఎవరితో చూపించాలి?

అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టో, వేపపుల్ల పట్టుకునో చూసేవాళ్ల మీద ఊళ్లో గౌరవం ఉంటుంది. ఆ గౌరవాన్ని నేను కించపరచను. కానీ తాగునీటి బోరు ఊరందరి డబ్బుతో వేసేది. భూగర్భ జల శాఖ జియాలజిస్టు వచ్చి నేలను చూసి, రెసిస్టివిటీ సర్వే చేసి ఇచ్చిన పాయింట్‌లోనే వేయించండి. భూమిలోకి కరెంటు పంపి ఏ లోతులో ఎంత అడ్డు తగులుతుందో కొలుస్తారు. కుళ్లిన రాయి ఎంత మందం ఉందో, పగుళ్లు ఉండే వీలు ఎక్కడుందో దాన్నిబట్టి అంచనా వేస్తారు. నూటికి నూరు పాళ్లు నీళ్లు పడతాయన్న హామీ అందులోనూ లేదు.

పాయింట్ చూపించే ముందు ఊళ్లో పెద్దవాళ్లతో ఒక పూట తిరగండి. ఏ బావి ఎండాకాలంలో కూడా చేదుకోవడానికి అందేది, వాగులో చెలమలు ఎక్కడ తీసేవారు, ఏ పొలంలో వేసవిలో కూడా ఊట కనిపించేది అన్నవి వాళ్లకు గుర్తుంటాయి. జియాలజిస్టుకు అంతకన్నా మంచి సమాచారం దొరకదు.

బోరు బండి వచ్చిన రోజు పంచాయతీ తరఫున ఎవరైనా ఉండాలా?

తప్పకుండా ఉండాలి, ఒక నోటు పుస్తకం పట్టుకుని. ఎన్ని అడుగుల దగ్గర మట్టి అయిపోయింది, ఎక్కడ గట్టిరాయి మొదలైంది, ఏ అడుగు దగ్గర తడి వచ్చింది, ఏ అడుగు దగ్గర నీళ్లు పెరిగాయి అన్నీ రాయాలి. బిల్లు కోసం మాత్రమే కాదు. ఐదేళ్ల తర్వాత మోటరు ఎక్కడ దించాలో, పూడిక తీయించాలో వద్దో తేల్చేది ఆ పేజీలే.

బోరు పైభాగం కూలకుండా దించే కేసింగ్ పైపు దగ్గర పొదుపు చూసుకోవద్దు. కుళ్లిన రాయి దాటి గట్టిరాతిలో పైపు బిగుసుకునే దాకా దించాలి. పైపుకూ గోతికీ మధ్య సందులో పైభాగాన్ని సిమెంటుతో మూసి, చుట్టూ వాలుగా గట్టు కట్టాలి. అది మూయకపోతే మొదటి వానకే పేడకుప్ప నీళ్లు ఆ సందులోంచి నేరుగా బోరులోకి దిగుతాయి. నేను చూసిన కలుషిత బోర్లలో చాలావాటికి రోగం ఈ సందులోనే ఉంది.

ఎంత హార్స్‌పవర్ మోటరు పెట్టాలి? రోజుకు ఎన్ని గంటలు నడపాలి?

బోరు ఎన్ని నీళ్లిస్తుందో తెలియకుండా మోటరు కొనకండి. పంపు పరీక్ష చేయించాలి. గంటల తరబడి ఒకే వేగంతో తోడుతూ నీటిమట్టం ఎంత దిగుతుందో, ఆపాక ఎంతసేపటికి మళ్లీ లేస్తుందో చూడాలి. పరీక్ష వేసవిలో జరగాలి. దసరా నాటి లెక్క చూసి పెద్ద మోటరు బిగిస్తే అది ఏప్రిల్‌లో బోరును గంటలో పీల్చి గాలి లాగుతుంది, తర్వాత కాలిపోతుంది.

ఇప్పుడున్న బోరు ఎన్ని నీళ్లిస్తోందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి సెల్‌ఫోన్‌లో టైము చూడండి. నాలుగు నిమిషాల్లో నిండితే గంటకు మూడు వేల లీటర్లు. ఆ లెక్కన లక్షా పది వేలు కావాలంటే దాదాపు 37 గంటలు నడపాలి, రోజుకేమో 24 గంటలే. గంటకు నాలుగున్నర వేలిచ్చే బోర్లు రెండుండి, రెండూ దూరదూరంగా ఉంటే, ఒక్కోటి పన్నెండు గంటల చొప్పున నడిస్తే దాదాపు సరిపోతుంది, మిగతా పన్నెండు గంటలు బోరు తేరుకుంటుంది. ఒక్క పెద్ద బోరు మీద ఊరంతా ఆధారపడటం కన్నా రెండు మూడు మధ్యస్థం బోర్లు మేలని నేను గట్టిగా చెబుతాను.

నీటిమట్టం కొలవడం ఎలా? అది ఇంజనీర్ల పని కదా?

కాదు, అది ఊరి పని. పంపు ఆపరేటరు పదిహేను రోజులకోసారి పది నిమిషాలు కేటాయిస్తే చాలు.

నాకు తెలిసిన ఒక ఆపరేటరు అనంతపురం జిల్లాలో ఎలా చేస్తాడో చెబుతాను. బోరు మూతలోంచి మోటరు పైపు పక్కనే సన్నని ప్లాస్టిక్ గొట్టం ఒకటి దించి ఉంచాడు. రెండు తీగల కరెంటు వైరు ఒకటి తీసుకుని, కొసన రెండు తీగలూ ఒకదానికొకటి తగలకుండా కొద్దిగా తోలు ఒలిచాడు. పై కొసన మల్టీమీటరు. మీటరుకో చోట ఎర్ర టేపు, ఐదు మీటర్లకో చోట నల్ల టేపు చుట్టాడు. ఒకటో తారీఖు, పదిహేనో తారీఖు తెల్లవారుజామున, రాత్రంతా మోటరు ఆపి ఉన్నప్పుడు, వైరును మెల్లగా దించుతాడు. తీగ కొస నీళ్లకు తగలగానే మీటరు ముల్లు ఎగిరిపడుతుంది. ఆ క్షణాన కేసింగ్ అంచు దగ్గర వైరును బొటనవేలితో నొక్కి పట్టుకుని, పైకి లాగుతూ టేపులు లెక్కపెట్టుకుంటాడు. పంచాయతీ ఆఫీసు గోడ మీద నల్లరంగు పూసిన గడుల్లో సుద్దముక్కతో రాస్తాడు.

ఒక జనవరిలో ఆ గోడ చూసి ఒక మహిళా వార్డు మెంబరు అడిగారు, “ఏమప్పా, పోయిన నెలంతా ఒక మీటరు దిగింది, ఈ పదిహేను రోజుల్లోనే రెండు మీటర్లు దిగిందే?” అప్పటికి మడుల్లో నాట్లు పడుతున్నాయి. ఇంకా నాటనివాళ్లు కొందరున్నారు. ఆ వారమే ఊళ్లో కూర్చుని మాట్లాడుకున్నారు. అదే మాట మార్చిలో అడిగి ఉంటే చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

పంచాయతీ బోరు పక్కనే ఒక రైతు కొత్త బోరు వేస్తున్నాడు. ఆపే హక్కు మాకుందా?

ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న వాల్టా చట్టం, అంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి గానీ బోరు గానీ తవ్వకూడదు. ప్రజల తాగునీటి కోసం వేసేదానికి మినహాయింపు ఉంది. ఎక్కడ బోరు వేయాలన్నా ముందు అనుమతి కావాలి. అతిగా తోడేసిన ప్రాంతమని ప్రకటించిన చోట కొత్త బోర్లను ఆపే వీలు కూడా చట్టంలో ఉంది. తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బోరు బండి రాకముందే ఇవ్వండి.

అయితే చట్టం ఒక్కదాన్నే నమ్ముకుంటే లాభం లేదు. బండి రాత్రిపూట వచ్చి తెల్లారేలోగా వెళ్లిపోతుంది. మనూరి మనిషి, రోజూ మొహం చూసుకోవాల్సిన మనిషి మీద కేసు పెట్టడానికి ఏ సర్పంచీ ముందుకు రాడు. అందుకే ఆ 250 మీటర్ల గీత ఎక్కడిదాకా వస్తుందో ముందే నాలుగు వైపులా కొలిచి, రాళ్లు పాతి, గ్రామసభలో చదివి వినిపించి, తీర్మానం రాయించండి. గీత కనిపిస్తుంటే దాటడానికి మనిషి జంకుతాడు.

రైతులు వరి మానుకోమంటే వింటారా? వాళ్ల పొట్ట మీద కొట్టినట్టు కాదా?

మానుకోమని ఎవరూ చెప్పకూడదు. లెక్క వాళ్ల చేతికివ్వాలి, నిర్ణయం వాళ్లదే కావాలి. ఇది ఊహించి రాస్తున్న మాట కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో, నంద్యాల కేంద్రంగా పనిచేసే బర్డ్స్ సంస్థ సమన్వయంతో రైతులే నడిపిన భూగర్భ జల కార్యక్రమం ఒకటి జరిగింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఈ ఏడు కరువు జిల్లాల్లో వందల ఊళ్లలో రైతులే వానమాపకాలు చదివారు, పదిహేను రోజులకోసారి బోర్ల నీటిమట్టం కొలిచారు, బకెట్టు పెట్టి పారకం లెక్కేశారు.

అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది పంటల నీటి బడ్జెట్. వానాకాలం ముగిసి రబీ విత్తనం వేయకముందు ఒక వాగు పరిధిలోని ఊళ్ల రైతులంతా ఒక చోట చేరేవారు. ఈ ఏడాది ఎంత వాన పడింది, ఎంత ఇంకింది, ఇప్పుడు నేలలో ఎంత ఉంది అని ఒక వైపు రాసేవారు. ఎవరెవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయాలనుకుంటున్నారో ఇంకో వైపు. కింద గీత గీసి తీసివేస్తే నీళ్లు తక్కువ పడతాయని అందరికీ కళ్ల ముందు కనిపించేది. ఎవరినీ ఎవరూ బలవంతపెట్టలేదు, జరిమానాల్లేవు, సబ్సిడీల్లేవు. నీళ్లు తక్కువని తెలిశాక చాలామంది తమంతట తామే వరి తగ్గించి వేరుశనగ, పప్పుధాన్యాలు, కూరగాయల వైపు తిరిగారు. ఎకరం వరి నీళ్లు రెండెకరాలకు పైగా వేరుశనగను పండిస్తాయని రైతుకు మనం చెప్పక్కర్లేదు. లేని నీళ్లను నమ్ముకుని పెట్టుబడి పెట్టకూడదన్నదే వాళ్లకు దక్కిన లాభం.

ఆ బడ్జెట్ కాగితంలో మొదటి గడి తాగునీటిదే కావాలి. ఊరికి నాలుగు కోట్ల లీటర్లు, పశువులకు కోటి పక్కన తీసి, మిగిలింది పంటకు. ఆ మొదటి గడి ఎంత చిన్నదో చూశాక “అది మాకొద్దు, మాకే ఇవ్వండి” అన్న రైతును నేనింతవరకూ చూడలేదు.

మహారాష్ట్ర అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) జిల్లాలోని హివరే బజార్ అనే ఊరు ఇంకో అడుగు ముందుకు వేసింది. వాన లెక్క చూసుకుని పంటలు నిర్ణయించుకోవడంతో పాటు సేద్యానికి కొత్త బోర్లే వేయకూడదని ఊరు కట్టుబాటు చేసుకుంది. మన దగ్గర అంత దూరం పోవడం కష్టమే, కానీ అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు కొన్ని ఊళ్లలో రైతులు తమ బోర్లను పైపులతో కలుపుకుని, కొత్తవి వేయకుండా పంచుకున్నారు.

చెక్‌డ్యాం కట్టిస్తే చాలదా?

మంచిదే, కానీ చాలదు. చెక్‌డ్యాం నీళ్లను పుట్టించదు, పారిపోయేవాటిని ఆపుతుంది. వాగు పైభాగంలో వరసగా కట్టుకుంటూ పోతే కింది ఊరి చెరువుకు వచ్చేవి తగ్గుతాయి. ఇంకో సంగతి ఊళ్లవాళ్లు నాకు చూపించిందే: చెక్‌డ్యాం కట్టిన రెండో ఏడాదికి దాని గట్టు చుట్టూ ఐదారు కొత్త బోర్లు వెలుస్తాయి. ఇంకిన నీళ్లు అక్కడే పైకొచ్చేస్తాయి, తాగునీటి బోరు దాకా రావు. కాబట్టి కట్టకముందే దాని చుట్టూ కొత్త బోర్లు వేయబోమని ఒప్పందం రాసుకోండి.

దానికన్నా ముందు ఊరి చెరువు చూడండి. కట్ట దిగువన ఉన్న బావుల్లో నీళ్లు ఎందుకు బాగుంటాయో మన పెద్దలకు తెలుసు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువులు నిండిన ఏడాది చుట్టుపక్కల బోర్లు తేరుకున్నాయని రైతులు చెబుతారు. అయితే పూడిక తీయడంతోనే పని అయిపోదు. చెరువులోకి నీళ్లు తెచ్చే వాగులు, కాలువలు పూడిపోయి, ఆక్రమణల్లో పోయి ఉంటే ఎంత లోతు తీసినా లోపలికొచ్చేది ఏముంది?

వాగులో ఇసుక కూడా నీటి నిల్వే. ఇసుక ఖాళీ గట్టిరాతి ఖాళీకి ఎన్నో రెట్లు. ట్రాక్టర్లు ఎత్తుకుపోయిన చోట చెలమలూ పోతాయి, పక్కనున్న ఊట బావీ పోతుంది.

తాగునీటి బోరు పక్కనే ఇంకుడు గుంత తీయవచ్చా?

జాగ్రత్త. ఇంటి పైకప్పు మీది వాననీరు, అదీ మొదటి వాన వదిలేశాక, ఇసుక, గులకరాళ్ల పొరల్లో వడకట్టినదైతే పర్వాలేదు. వీధి కాలువ నీళ్లు, పొలంలోంచి వచ్చే బురద నీళ్లు మాత్రం తాగే బోరు దగ్గరకు రానీయకండి. పగుళ్లున్న రాయి నీళ్లను వడకట్టదు, ఉన్నదున్నట్టు లోపలికి తీసుకెళుతుంది. మరుగుదొడ్డి గుంతలు కనీసం పదిహేను మీటర్ల దూరంలో, వీలైతే ఇంకా దూరంలో, వాలుకు కింది వైపున ఉండాలి.

మా నీళ్లలో ఫ్లోరైడ్ ఉందంటున్నారు. ఏం చేయాలి?

ముందు పరీక్ష చేయించండి. భారత ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా. రుచిలోనూ రంగులోనూ అది తెలియదు. మరిగిస్తే పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పళ్ల మీద గోధుమరంగు చారలు పడ్డ పిల్లలు బడిలో ఎంతమంది ఉన్నారో చూస్తే ఊరి పరిస్థితి తెలిసిపోతుంది.

ఫ్లోరైడ్ తెచ్చే ఈ రోగం, ఫ్లోరోసిస్, మన నేలకు కొత్త కాదు. దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ పేరే ఒక శుద్ధి పద్ధతికి పెట్టారు: పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగున పేరుకునేలా చేసే నల్లగొండ పద్ధతి, నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది.

నా అభిప్రాయం ఇది. శుద్ధి యంత్రం పెట్టేముందు ఊరి పొలిమేరలోని బావులు, బోర్లు అన్నిటి నీళ్లూ పరీక్ష చేయించండి. ఒకే ఊళ్లో ఒక బోరులో 3 ఉంటే, చెరువు కట్ట కింది పాత బావిలో 1 లోపుండటం మామూలే. తాగడానికి, వంటకు మనిషికి ఎనిమిది పది లీటర్లు చాలు. ఆ మేరకు మంచి బావి నీళ్లు వేరే పైపులో తెచ్చుకుని, మిగతా వాడకానికి పాత బోరు ఉంచుకోవచ్చు. ఆర్‌ఓ ప్లాంటు పెడితే అది వదిలేసే ఉప్పునీళ్లు ఎక్కడ పోతున్నాయో చూడండి. చాలా చోట్ల అవి పక్కనే నేలలోకి, అక్కడినుంచి మళ్లీ బోరులోకే చేరుతున్నాయి.

ఫ్లోరైడ్ కాకుండా ఇంకేం చూడాలి?

నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. అది పెంటకుప్పలు, మరుగుదొడ్డి గుంతలు, ఎక్కువ వేసిన యూరియా నుంచి వస్తుంది. డబ్బా పాలు కలిపి పట్టే పసిబిడ్డలకు చాలా ప్రమాదం, మరిగించినా పోదు. సూక్ష్మక్రిముల కోసం వానలు మొదలవగానే ఒకసారి, తర్వాత ఇంకోసారి పరీక్ష చేయాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పించే ఏర్పాటు ఉంది. మీ ఊళ్లో కిట్టు అలమారలో ఉంటే బయటకు తీయించండి.

ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున, అంటే నలభై వేల లీటర్ల ట్యాంకుకు వంద గ్రాములు కలిపి, ఊరి చివరి కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలిందో లేదో చూసుకోవాలి. మూత తెరిచి పెట్టిన పాత సంచిలో పౌడరుకు బలం ఉండదు.

భగీరథ నీళ్లో, పెద్ద స్కీము నీళ్లో ఇంటింటికీ వస్తున్నాయి. ఇంక ఈ బోరు ఎందుకు?

నది నీళ్లు రావడం గొప్ప మేలు, ముఖ్యంగా ఫ్లోరైడ్ ఊళ్లకు. తెలంగాణలో 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ ఊళ్లలో మనిషికి వంద లీటర్లు ఇవ్వాలని పెట్టుకుంది. అనంతపురం జిల్లాలో 1990లలోనే సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్లకు నీళ్లు తెచ్చింది. కానీ నూరు కిలోమీటర్ల అవతల పైపు పగిలినా, పంప్‌హౌస్‌లో కరెంటు పోయినా, రిజర్వాయరు అడుగంటినా నాలుగు రోజులు నీళ్లు రావు. ఆ నాలుగు రోజులకు ఊరి బోరు కావాలి. పెద్ద స్కీము వచ్చిందని బోరు మోటరు పీకేసి, స్టార్టరు అమ్మేసిన ఊళ్లు తర్వాత చాలా బాధపడ్డాయి. వారానికి ఒకరోజైనా నడపండి, ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించండి, నీటిమట్టం రాయడం మాత్రం ఆపకండి.

ఎండిపోయిన పాత బోర్లను ఏం చేయాలి?

ముందు పిల్లల గురించి ఆలోచించాలి. నోరు తెరుచుకుని ఉన్న ఆరున్నర ఇంచుల గొయ్యి చాలు, ఒక తల్లికి కడుపుకోత మిగల్చడానికి. 2010లో సుప్రీంకోర్టు దీనిమీద ఆదేశాలిచ్చింది: వదిలేసిన బోరును అడుగునుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. కేసింగ్ పైపు పీక్కుపోయి గోనెసంచి కప్పి వెళ్లిపోతే ఊరుకోకండి. మోటరు రిపేరుకు తీసినా, ఆ రాత్రి ఒక్కటైనా సరే, ఇనుప మూత బిగించాలి. మీ ఊళ్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఈ వారమే లెక్కపెట్టించండి.

ఇవన్నీ చేసినా ఏప్రిల్‌లో బోరు ఆగిపోతే అప్పటికప్పుడు ఏం చేయాలి?

మోటరు ఇంకా దించే చోటుందా అన్నది నోటు పుస్తకంలో చూడండి. ఉంటే రెండు పైపులు కలిపి దించవచ్చు. లేకపోతే కొత్త బోరు కోసం పరుగెత్తకుండా ఊళ్లో ఇంకా పారుతున్న రైతు బోర్లలో ట్యాంకుకు దగ్గరగా ఉన్నదాన్ని అద్దెకు తీసుకోండి. మండలంలో గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుకు, ఎంపీడీవోకు అర్జీ పెడితే కరువు కాలంలో అద్దె చెల్లించే ఏర్పాటు ఉంటుంది. అద్దె ఎంత, రోజుకు ఎన్ని గంటలు, ఏ తారీఖు దాకా అన్నది కాగితం మీద రాసుకోండి. నీళ్లు పరీక్ష చేయించాకే ట్యాంకులోకి ఎక్కించండి.

ఆ రైతుతో మాట్లాడటానికి మాత్రం ఏప్రిల్ దాకా ఆగొద్దు. డిసెంబరులోనే, ఆయన ఇంకా నారు పోయకముందే వెళ్లి, “అన్నా, వేసవిలో అవసరమైతే నీ బోరు ఊరికిస్తావా?” అని అడగండి. అప్పుడైతే రెండెకరాలు తక్కువ నాటుకోవడానికి ఆయనకూ వీలుంటుంది.